జాలి ఉంటే సరిపోతుందా?

ఈసారి పత్రికకు "మిమ్మల్ని నిద్ర పోనివ్వని ప్రశ్న ఒకటి తీసుకుని వ్యాసం రాయండి" అని మా తెలుగు టీచర్ గారు చెప్పారు. క్లాసులో కొందరు అబద్ధం గురించి, కొందరు సెల్‌ఫోన్ గురించి రాస్తున్నారు. నా ప్రశ్న అర గ్లాసు కాఫీ దగ్గర మొదలైంది. ఒక మనిషి మీద మనకు నిజంగా జాలి ఉంటే, ఆ జాలితో చేసే పని మంచిదే అవుతుందా? పోయిన మే నెలకు ముందు నన్ను అడిగి ఉంటే, ఎందుకు అవ్వదు, ఇందులో ప్రశ్న ఏముంది అనేదాన్ని.

ఆ నెలలో మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, వ్యాసర్‌పాడిలో మా ఇంటి బాత్రూములో జారి పడింది. ఎడమ తుంటి ఎముక విరిగింది. 108లో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. వయసు మళ్ళినవాళ్ళకు తుంటి విరిగితే ఆపరేషన్ ఎంత త్వరగా చేస్తే అంత మంచిదని డాక్టర్ చెప్పారు. కదలకుండా పడుకునే కొద్దీ ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుందట, వీపు మీద పుండ్లు పడతాయట, కాళ్ళలో రక్తం గడ్డ కడుతుందట. మర్నాడు పొద్దున మొదటి ఆపరేషన్ అవ్వదే అన్నారు. ఆడవాళ్ళ వార్డు కాబట్టి నాన్న రాత్రి ఉండకూడదు. అమ్మకు తోడుగా నేను ఉన్నాను.

రాత్రి నర్సు వచ్చి మంచానికి ఒక అట్ట తగిలించింది. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. అట్ట తగిలించి ఊరుకోకుండా అమ్మతో, నాతో తమిళంలో విడివిడిగా చెప్పింది. "పది తర్వాత ఏమీ పెట్టొద్దు. నీళ్ళు అడిగినా ముందు నన్ను పిలవండి." నేను సరే అన్నాను. నిజం చెప్పాలంటే నేను విన్నది "పెట్టొద్దు" అన్న మాట ఒక్కటే. ఎందుకు పెట్టొద్దో అడగలేదు.

తెల్లవారుజామున అయిదుంపావుకి అమ్మ ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది. వెళ్ళేముందు గేటు దగ్గర నుంచి నాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. అవ్వ కళ్ళు తెరిచి "గొంతు ఎండిపోతోందే తల్లీ, ఒక్క గుక్క" అంది. కొంచెం ఆగు అవ్వా అన్నాను. మళ్ళీ అడిగింది. మూడోసారి అడగలేదు, నా చేతిలో గ్లాసు వైపు చూసింది. మా అవ్వ రోజూ అయిదింటికి లేచి ముందు కాఫీ కలుపుకుంటుంది, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడుతుంది. ఇక్కడ రాత్రంతా నొప్పితో మూలిగింది.

దాహం అన్నవాళ్ళకు నీళ్ళివ్వకపోవడం కంటే పాపం లేదని మా ఇళ్ళల్లో చిన్నప్పటి నుంచీ చెబుతారు. ఎండాకాలం మా వీధి మొదట్లో పందిరి వేసి కుండల్లో నీళ్ళు, మజ్జిగ పెడతారు. మనం చలివేంద్రం అంటాం, ఇక్కడివాళ్ళు తన్నీర్ పందల్ అంటారు. ఏ భాషలో చెప్పినా అక్కడ "నువ్వు ఎవరు, తాగొచ్చా" అని అడిగేవాళ్ళు ఉండరు. నేను రెండేళ్ళుగా సెలవుల్లో అక్కడ గ్లాసులు అందిస్తున్నాను. అలాంటి నేను మా అవ్వకు ఇవ్వకుండా ఎలా ఉండాలి? తల కొంచెం పైకెత్తి అర గ్లాసు పైనే తాగించాను. అవ్వ కళ్ళు మూసుకుని "చల్లగా ఉండు" అంది. ఆ క్షణం నేను చాలా మంచిదాన్ననిపించింది. దాచకుండా రాస్తున్నాను, అలాగే అనిపించింది.

ఆరింటికి నర్సు వచ్చింది. అవ్వ చెయ్యి పట్టుకుని నాడి చూసింది, బీపీ చూసింది. తర్వాత నావైపు తిరిగి మామూలుగా "పాటి ఏమైనా తాగారా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె వెళ్ళిపోలేదు. అవ్వ పెదవుల దగ్గర ఆరిన మరక చూసిందో, వాసన వచ్చిందో నాకు తెలీదు. పక్కనే స్టూలు మీద కూర్చుని, గొంతు పెంచకుండా ఇంకో విధంగా అడిగింది. "నీ మీద కోపం లేదు పాపా. నీళ్ళా, పాలా? ఎన్ని గుక్కలు? ఎన్ని గంటలకు? నాకు ఈ మూడూ కావాలి."

అప్పుడు చెప్పేశాను, ఏడుస్తూ.

ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ముందు కేసు షీటులో రాసింది. పాలు కలిపిన కాఫీ, సుమారు 100 మి.లీ., ఉదయం 5.15. తర్వాత మత్తు డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఆపరేషన్ ఆపారు. మధ్యాహ్నం దాకా థియేటర్‌లో వేరేవాళ్ళ పేర్లు ఉన్నాయి, ఆ తర్వాత యాక్సిడెంట్ కేసులు వచ్చాయి. అవ్వ ఆపరేషన్ మర్నాటికి పోయింది. అంటే విరిగిన ఎముకతో ఇంకో పగలు, ఇంకో రాత్రి. మళ్ళీ పస్తు. అది అంతా నా అర గ్లాసు కాఫీ వల్ల.

ఆ పగలే నర్సక్క నాకు కారణం చెప్పింది. మత్తు ఇచ్చినప్పుడు మనిషికి మింగడం, దగ్గడం అనే కాపలా పని చేయదు. కడుపులో ఉన్నది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ప్రాణానికే ప్రమాదం. మంచి నీళ్ళు రెండు గంటల్లో కడుపు దాటిపోతాయి. పాలు అలా కాదు, కడుపులో విరిగి గట్టిపడతాయి, అందుకని వాటిని అన్నంతో సమానంగా లెక్కేసి ఆరు గంటలు ఆగుతారు. "నువ్వు నన్ను పిలిచి ఉంటే డాక్టర్‌ని అడిగి రెండు చెంచాల నీళ్ళు ఇచ్చేదాన్నేమో. లేకపోతే దూది తడిపి పెదవులకు అద్దేదాన్ని. నోరు ఎండితే దాహం ఎక్కువనిపిస్తుంది. డ్రిప్ పోతోంది కదా, ఒంట్లో నీళ్ళున్నాయి" అంది.

దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. నాలో జాలి తక్కువైందా? లేదు. ఆ సమయంలో ఆ వార్డులో అవ్వ మీద నాకున్నంత జాలి ఇంకెవరికీ లేదు. నర్సక్కకు అవ్వ ముప్పై మంది పేషెంట్లలో ఒకరు. అయినా అవ్వకు మేలు చేసింది ఆమె, కీడు చేసింది నేను. నేను చూసింది నా కళ్ళ ముందు ఉన్న దాహాన్ని. ఆమె చూసింది మూడు గంటల తర్వాత థియేటర్‌లో మత్తులో ఉండబోయే అవ్వను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అవ్వ అలా చూస్తుంటే నేను తట్టుకోలేకపోయాను. ఆ కాఫీ సగం అవ్వ దాహం తీర్చడానికి, సగం నా బాధ తీర్చుకోవడానికి. ఈ రెండోదాన్ని కూడా మనం జాలి అనే పిలుస్తాం.

అయితే రూలు పాటిస్తే చాలా? దీని మీద మా క్లాసులో పెద్ద వాదన జరిగింది. "అట్ట మీద రాసింది చేస్తే గొడవే లేదు కదే" అంది నా పక్కన కూర్చునే అమ్మాయి. అప్పుడు మా సోషల్ టీచర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి చిన్నప్పటి సంగతి చెప్పారు. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఆమె ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే టికెట్ లేదని ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి కోప్పడ్డారు, నాకు చెప్పిన పని నేను చేశాను అంది. టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. నెహ్రూ ఆ అమ్మాయి ధైర్యాన్ని మెచ్చుకున్నారు. అప్పుడు ఆమెకు నాకంటే ఒక ఏడాది తక్కువే. ఆ దుర్గాబాయి గారే 1937లో మన మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. అడయారులో ఆమె పేరు మీద ఆస్పత్రి ఇప్పటికీ ఉంది.

చూశావా, రూలంటే రూలే అంది నా స్నేహితురాలు. నాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఆ రోజు గేటు దగ్గర ఎవరైనా ఎండకు స్పృహ తప్పి పడిపోయి, వాళ్ళను లోపల నీడలోకి తీసుకెళ్ళాల్సి వచ్చి ఉంటే దుర్గాబాయి టికెట్ అడిగేదా? అడగదనే నేను అనుకుంటాను. టికెట్ రూలు ఎందుకు పెట్టారో ఆమెకు తెలుసు. పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు అని తేడా లేకుండా అందరూ డబ్బు కట్టి చూడాలని. నెహ్రూని వదిలితే ఆ కారణం పాడవుతుంది, స్పృహ తప్పినవాళ్ళను వదిలితే పాడవదు.

కారణం తెలియకుండా, పైవాళ్ళు చెప్పారని చేస్తే ఏమవుతుందో మా సైన్స్ టీచర్ చెప్పిన ప్రయోగం వింటే తెలుస్తుంది. హాఫ్లింగ్ అనే మానసిక వైద్యుడు, ఆయన తోటివాళ్ళు అమెరికాలో చేశారు, 1966లో ప్రచురించారు. ముక్కూ మొహం తెలియని ఒకాయన నర్సుకు ఫోన్ చేసి "నేను డాక్టర్‌ని, ఫలానా పేషెంటుకు ఫలానా మందు 20 మి.గ్రా. ఇవ్వు, నేను వచ్చి సంతకం పెడతాను" అంటాడు. మందు డబ్బా మీద 10 మి.గ్రా. మించకూడదని రాసి ఉంటుంది. ఫోన్‌లో చెబితే మందు ఇవ్వకూడదని కూడా అక్కడి రూలు. 22 మంది నర్సులకు ఇలా ఫోన్ చేస్తే 21 మంది మందు తీసుకుని బయల్దేరారు. వాళ్ళను దారిలోనే ఆపేశారు, అది ఉత్తుత్తి మందు కూడా. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పేషెంట్ల మీద ప్రేమ లేనివాళ్ళూ కారు. గొంతులో అధికారం వినపడింది, అంతే. 1977లో ఇలాంటిదే మళ్ళీ చేశారు. ఈసారి నర్సులకు బాగా తెలిసిన మందు, పక్కవాళ్ళను అడిగే వీలు ఉంది. 18 మందిలో ఇద్దరే ఇవ్వడానికి సిద్ధపడ్డారు. మందు గురించి తెలియడం, పక్కవాళ్ళను అడగగలగడం, ఈ రెండూ ఇంత తేడా తెచ్చాయంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. ధైర్యం అనేది మనిషి లోపల పుట్టుకతో ఉండే గుణమని నేను అనుకునేదాన్ని.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రాత్రి అవ్వకు మతి తప్పినట్టయింది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. డ్రిప్ పీకేయబోయింది. అవ్వకు తమిళం బాగా వచ్చు, నలభై ఏళ్ళుగా మార్కెట్లో తమిళంలోనే బేరం చేస్తుంది. ఆ రాత్రి మాత్రం ఒక్క తమిళం ముక్క కూడా అర్థం కాలేదు. "ఇంటికి పోదాం, దూడకు మేత వెయ్యాలి" అని తెలుగులో కేకలు. ఆ దూడ ఎప్పటిదో, సూళ్ళూరుపేట దగ్గర వాళ్ళ ఊళ్ళోది. పెద్ద వయసువాళ్ళకు ఆపరేషన్ తర్వాత ఇలా అవుతుందని, చాలావరకు కొన్ని రోజుల్లో తగ్గుతుందని నర్సక్క చెప్పింది. డాక్టర్‌ని పిలిపించింది కూడా. రాత్రి ఎనిమిది తర్వాత ఒక్కరే తోడు ఉండాలని అక్కడ రూలు. ముందు రెండు రాత్రులు పెద్ద సిస్టర్ అనుమతి ఇచ్చారు, ఆ రాత్రి ఇవ్వలేదు. అప్పుడు నర్సక్క తనే వెళ్ళి మాట్లాడి వచ్చింది. "ఈ పాప తెలుగులో మాట్లాడితే పాటి సర్దుకుంటుంది, ఇంజెక్షన్ అవసరం పడకపోవచ్చు" అని చెప్పిందట. అవ్వ కళ్ళజోడు వెతికి పెట్టించింది. నా దగ్గర నొప్పి, దాహం, ఒంటేలు అనే మూడు మాటలు నేర్చుకుని అరచేతి మీద తమిళ అక్షరాల్లో రాసుకుంది. నేను తెల్లారేదాకా ఆ దూడ గురించే మాట్లాడాను.

ఒక రూలు దగ్గర రాయిలా ఉన్న మనిషి, ఇంకో రూలు మార్చమని తనే వెళ్ళి అడిగింది. ఎలా తెలుస్తుందక్కా మీకు అని అడిగాను. ఆమె కొంచెం సేపు ఆలోచించింది. "ఈ రూలు ఎవరిని కాపాడటానికి ఉందో చూస్తాను. మీ పాటిని కాపాడేదైతే దాన్ని ముట్టుకోను. వార్డు సర్దుబాటు కోసమైతే అడిగి చూస్తాను. నేనే తీసేయను, అడుగుతాను." ఈ చివరి మాట నాకు తర్వాత అర్థమైంది. ఆపరేషన్ ఆపాలా వద్దా అని కూడా ఆమె తనంతట తాను తేల్చలేదు. చూసింది, రాసింది, తేల్చాల్సిన డాక్టర్‌కు చెప్పింది.

ఇంకా నేను గమనించింది, ఈ వివేకం ఆమెకు పెద్ద పెద్ద ఆలోచనల వల్ల రాలేదు. చిన్న పనుల వల్ల వచ్చింది. రెండు గంటలకు ఒకసారి అవ్వను జాగ్రత్తగా ఒక పక్కకు ఒత్తిగిలించేది. ప్రతిసారీ మడమలు, వీపు కింది భాగం చూసేది. వాయిదా పడిన రోజు సాయంత్రం కుడి మడమ మీద ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదిలింది. నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కితే ఫరవాలేదు, నొక్కినా ఎరుపు పోకపోతే పుండుకు మొదలు అని నా వేలు పట్టుకుని నొక్కించి చూపించింది. అవ్వది పోలేదు. కాలి కింద దిండు పెట్టి మడమ గాలిలో ఉండేలా చేసింది. ఆ ఎరుపుకు కారణం ఎవరో ఇద్దరికీ తెలుసు, ఆమె ఏమీ అనలేదు. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని నిజానికి ఊపిరి లెక్కపెడుతుంది. ఊపిరి లెక్కపెడుతున్నామని చెబితే పేషెంటు వేరేగా పీలుస్తాడట. ఇది నాకు భలే నచ్చింది. ఇంట్లో తమ్ముడి మీద ప్రయత్నించాను, నిమిషానికి 19.

సెలవుల్లో మా స్కూలు లైబ్రరీలో ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి చదివాను. 1854లో టర్కీలోని స్కుటారి మిలిటరీ ఆస్పత్రికి దీపం పట్టుకుని వెళ్ళిన ఆవిడగానే మన పాఠాల్లో ఉంటుంది. 1859లో ఆమె నర్సింగ్ మీద రాసిన చిన్న పుస్తకంలో రోగిని గమనించడం మీదే ఒక అధ్యాయం ఉంది. రాత్రి బాగా నిద్రపోయారా అని అడిగితే ఏమీ తెలియదు, ఎన్ని గంటలు, ఏ వేళల్లో అని అడగాలి అంటుంది అందులో. అది చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. నీళ్ళా పాలా, ఎన్ని గుక్కలు, ఎన్ని గంటలకు! 1860లో లండన్‌లో ఆమె పేరుతో నర్సింగ్ స్కూలు మొదలైతే, మన సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రిలో 1871లోనే నర్సులకు శిక్షణ మొదలైంది. ఆ ఆస్పత్రి 1664లో కోటలో పుట్టింది, అంటే రెండు వందల ఏళ్ళకు పైగా అక్కడ రోగులను ఎవరు ఎలా చూసుకున్నారో మరి. (నైటింగేల్ ఇండియాకు ఎప్పుడూ రాలేదు. కానీ ఇక్కడి కరువులకు కాలువలు కావాలని మన కాటన్ దొరతో కలిసి వాదించింది. ఇది వ్యాసానికి అవసరం లేదు, గోదావరి వాళ్ళకు చెప్పాలనిపించింది.)

నాకు ఇంకా తేలనిది నా అబద్ధం. మొదటిసారి లేదని చెప్పినప్పుడు నాకు అది ప్రమాదమని తెలీదు, తిడతారని మాత్రమే తెలుసు. ఆమె "అట్ట కనబడలేదా, కళ్ళు లేవా?" అని అరిచి ఉంటే నేను లేదు అనే మాట మీదే నిలబడేదాన్ని. అవ్వ ఆ కడుపుతోనే థియేటర్‌కు వెళ్ళేది. కాబట్టి అవ్వను కాపాడింది నా నిజాయితీ కాదు, ఆమె అడిగిన తీరు. తిట్టకపోవడం ఆమె మంచితనమా, లేక సెలైన్ ఎక్కించడంలా నేర్చుకున్న పనా? రెండూ అయి ఉండొచ్చు. ఆమెకు ఆ ఉదయం నా మీద కోపం వచ్చే ఉంటుంది. రాత్రంతా డ్యూటీ చేసి, తన డ్యూటీలో ఇలా జరిగిందని తన చేత్తోనే రాయాల్సి వచ్చింది. రాయకుండా దాచినా ఎవరికీ తెలిసేది కాదు. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకుందో అడగాలనుకున్నాను, డిశ్చార్జి రోజు ఆమెది రాత్రి డ్యూటీ, కనబడలేదు.

అవ్వ ఇప్పుడు వాకర్ పట్టుకుని వీధి గుమ్మం దాకా నడుస్తోంది. మడమ మానింది. అయిదింటికి కాఫీ నేనే కలిపి ఇస్తున్నాను. ఆపరేషన్ ఒక రోజు ఎందుకు ఆగిందని ఆ రోజు అవ్వ అడిగితే, "రేపు తీసుకెళ్తారు పాటీ" అని మాత్రమే నర్సక్క చెప్పింది. డాక్టర్లు ఊరికే ఆలస్యం చేశారని అవ్వ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. నేను పక్కనే ఉండి వింటున్నాను. అమ్మ మాత్రం ప్రతి ఏడూ ఈ పత్రికలో మా క్లాసువాళ్ళ వ్యాసాలు అవ్వకు చదివి వినిపిస్తుంది. ఈసారీ వినిపిస్తుంది.